నలభై రోజుల హస్తవాసి

తొమ్మిదో వారం

"టీ చల్లారిపోతోందని ఎవరికైనా చెప్పండి," అంది అక్క, గోడమీది క్యాలెండరుకేసి చూస్తూ.

క్యాలెండరు పలకలేదు. వంటగదిలో ఉన్నది ముగ్గురే. ఆ మాట అన్నది అక్క. బావ చేతిలో గ్లాసు అప్పటికే సగం ఖాళీ అయింది. మిగిలింది గుమ్మంలో నిలబడ్డ చెల్లెలు పిచిక.

బావ గ్లాసు కింద పెట్టాడు. "పిచికా, టీ చల్లారుతోందట."

"విన్నాను బావా. తాగుతానని చెప్పండి."

"తాగుతుందట."

"తాగితే తాగమనండి, లేకపోతే మొక్కలకి పొయ్యమనండి. నాకేం?"

"నీకేం లేదు, కష్టం మొక్కలకే," అన్నాడు బావ. "ముప్పై ఏళ్ళుగా తపాలా ఆఫీసులో ఉత్తరాలు ఊళ్ళవారీగా విడదీస్తున్నాను. ఒక్కరోజు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఇక్కడా అదే డ్యూటీ. అక్కడే నయం, స్టాంపులైనా అంటించి ఇస్తారు."

వేరే రోజైతే ఈ మాటకి అక్క నవ్వాపుకోలేక సింకు వైపు తిరిగేది. ఇవాళా సింకు వైపే తిరిగింది. భుజాలు మాత్రం కదల్లేదు.

పిచిక గ్లాసు అందుకుంది. చక్కెర సరిగ్గా ఒకటిన్నర చెంచా. మాట మానేసిన మనిషి చక్కెర కొలత మానలేదు. తిట్టినా బాగుండును అనుకుంది. మొహం మీదే "బుద్ధుందా నీకు?" అని ఒక్కసారి అడిగితే చాలు, ఆ ఒక్క మాట పట్టుకుని ఇంకో పది రోజులు గడిపేసేది.

ఇవాళ్టికి పదకొండు రోజులు. పదకొండు రోజుల కిందట, రాత్రి భోజనాల దగ్గర, పిచిక ఒక మాట అంది. "నీ జుట్టు మళ్ళీ వచ్చింది ఆ నూనె వల్ల కాదక్కా." అంతే. అక్క తింటున్న పళ్ళెం తీసుకెళ్ళి సింకులో పెట్టింది. అప్పటినుంచి ఆ ఇంట్లో పిచిక అనే మనిషి అక్క కంటికి ఆనడం మానేసింది.

అంతటితో పోయేదే. కానీ ఇవాళ పది గంటలకి ఆ నూనె కంపెనీవాళ్ళు ఇంటికి వస్తున్నారు. అక్కని కూర్చోబెట్టి ప్రకటన తీస్తారు. "నలభై రోజుల్లో రాలడం సగానికి సగం" అని అక్క తన నోటితో చెప్పాలి. ఆ కంపెనీలోనే, రాలిన వెంట్రుకలు లెక్కపెట్టే గదిలో, పిచిక ఏడేళ్ళుగా ఉద్యోగం చేస్తోంది.

*

ముందుగదిలో కుర్చీలన్నీ గోడవారకి జరిపేశారు. కర్టెన్లు ఉతికి తగిలించారు. కిటికీకి వీపు పెట్టి అక్క స్టూలు మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటోంది. పోయినేడాది జ్వరం వచ్చి లేచాక, దువ్వెన పెడితే గుప్పెడు చొప్పున ఊడొచ్చిన తల అది. ఇప్పుడు భుజాలు దాటి, ఎండ తగిలినచోట గోధుమరంగు మెరుస్తూ, ఒత్తుగా ఉంది.

పక్కింటి కుట్టుమిషనావిడ మోకాళ్ళమీద కూర్చుని అక్క కొత్త డ్రస్సు అంచు సరిచేస్తోంది. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు. అవి ఉన్నా మాట ఆగదు ఆవిడకి.

"వదినా, కాళ్ళవరకూ తీస్తారా, నడుందాకేనా?"

"ఏమో. తల కదా వాళ్ళకి కావల్సింది."

"తలేనా? అయితే ఈ అంచుకి ఇంత కష్టపడ్డం ఎందుకు నేను? మెడ దగ్గర ఇంకో వరస కుట్టు వేస్తాను, ఉండండి. రేపు బస్టాండులో మీ బొమ్మ అంతెత్తున పెడితే, ఆ మెడ కుట్టింది నేనేనని పదిమందికీ చెప్పుకుంటాను."

అక్క నవ్వింది. ఎవరి మాటకో నవ్వే ఆ నవ్వు వినడానికి పిచిక లోపలి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చేతిలో దుమ్ము తుడిచే గుడ్డ ఉంది కాబట్టి, తుడవడానికి ఏదో ఒకటి వెతుక్కుంది.

గుర్తింపు కార్డుకోసం తప్ప అక్క ఎప్పుడూ ఫొటో తీయించుకోలేదు. అమ్మ పోయేనాటికి అక్కకి పంతొమ్మిది, పిచికకి ఎనిమిది. కాలేజీ మానేసి ఇల్లు పట్టుకుంది. ఆనాటినుంచి ఎవరి మెడలో మఫ్లరుందో, ఎవరి చెప్పు తెగిందో చూడడమే గాని, తనని ఎవరైనా చూస్తారని అనుకోలేదు. జుట్టు తిరిగొచ్చాక ఈ ఏడాదే, వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. "ఏం రాశావు?" అని అడిగినవాళ్ళందరికీ అక్క సీసా చూపించింది. చెయ్యి చాచి ఇచ్చింది కూడా. "మీ హస్తవాసి మంచిది" అని వాళ్ళంటే ఆ రోజంతా ఇంట్లో కూనిరాగం వినిపించేది.

"రెండు పూటలా రాస్తున్నావా?" అడిగింది అక్క.

"రాయకేం. మూణ్ణెల్లు నిండాయి." కుట్టుమిషనావిడ తలకి కట్టుకున్న స్కార్ఫు సర్దుకుంది. అంత ఉక్కలోనూ ఆ స్కార్ఫు విప్పదు. "మధ్యలో మచ్చ కొంచెం పెద్దదైనట్టుంది వదినా."

"పాతది పోతేనే కదా కొత్తది వచ్చేది? ఓపిక పట్టు."

"పడుతున్నాను. మీరు చెప్పబట్టే ఆ డాక్టరు దగ్గరకి వెళ్ళడం మానేశాను. తల్లోకి సూదులు పొడుస్తాడండీ బాబూ. నేను రోజుకి వెయ్యిసార్లు గుడ్డని పొడుస్తాను, అది ఒక్కసారైనా కుయ్యిమనలేదు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళొచ్చేసేవి."

నవ్వుతూ వంగేసరికి స్కార్ఫు వెనక్కి జారింది.

పిచిక చూసింది. మూణ్ణెల్ల కిందట అక్కడ బొత్తాలంత మచ్చలు మూడుండేవి. ఇప్పుడు ఆ మూడూ కలిసిపోయి అరచెయ్యంత అయ్యాయి. నున్నగా, మెరుస్తూ. రోజూ వెంట్రుకలు లెక్కపెట్టే మనిషికి లెక్కపెట్టడానికి అక్కడ ఏమీ లేదు.

గుడ్డ పక్కన పడేసింది. "నువ్వు మళ్ళీ డాక్టరు దగ్గరకి వెళ్ళు. ఇవాళే వెళ్ళు."

కుట్టుమిషనావిడ గభాలున స్కార్ఫు లాక్కుంది. "అదేంటి పిచికా? ఆ కంపెనీలో పనిచేసేది నువ్వే కదా?"

"పనిచేస్తున్నాను కాబట్టే చెప్తున్నాను. నీది మా అక్కది లాంటిది కాదు. అక్కది జ్వరం వల్ల ఊడింది, దానంతటదే..."

"చూడమ్మాయ్," అంది అక్క. చూపు కుట్టుమిషనావిడ మీదే ఉంది. మాట మాత్రం ఆమె భుజం మీదుగా గుమ్మందాకా వచ్చింది. "కొంతమంది ఉంటారు. చేతులారా పెంచినా సరే, మనకో మంచి జరిగిందంటే వాళ్ళకి కంట్లో కారం పడ్డట్టుంటుంది."

గదిలో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. నిజంగానే ఒక గుండుసూది కుట్టుమిషనావిడ పెదాల మధ్యనుంచి జారి నేలమీద టింగుమంది.

"నీ జుట్టు నీకొస్తే నాకు కంట్లో కారమా అక్కా?"

అక్క లేచింది. అంచు సగమే కుట్టి ఉంది, దారం వేలాడుతోంది. దాన్ని ఈడ్చుకుంటూనే లోపలిగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

గోడవార కుర్చీలో పేపరు వెనకనుంచి బావ తల పైకెత్తాడు. "పిచిక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే కాబోలు," అన్నాడు మెల్లిగా. కానీ ఈసారి ఆయన గొంతులోనూ నవ్వు లేదు. "తలుపు గడియ వెయ్యలేదు. చప్పుడు వినలేదు నేను. వెళ్ళు."

*

గడియ వెయ్యలేదని తెలిసీ పిచిక తలుపు తొయ్యలేదు. చిన్నప్పుడు అలిగి తను లోపల కూర్చుంటే అక్క కూడా ఎప్పుడూ తొయ్యలేదు. బయట కూర్చుని ఏదో ఒకటి చెప్తూ ఉండేది, తనే తెరిచేదాకా.

తలుపుకి వీపు ఆనించి నేలమీద కూర్చుంది.

"అక్కా, వినకపోయినా ఫరవాలేదు. నేను చెప్పుకుంటాను."

లోపల దువ్వెన చప్పుడు. తడారిన జుట్టులోంచి నెమ్మదిగా దిగుతున్న చప్పుడు.

"మా గదిలో ఆరు కుర్చీలు. ఒక్కో కుర్చీలో ఒకావిడ. భుజాలమీద తెల్లగుడ్డ కప్పుతాం. అరవైసార్లు దువ్వుతాను. గుడ్డమీద పడ్డవి చిన్న పట్టకారుతో ఏరి, పదేసి చొప్పున పళ్ళెంలో పేరుస్తాను. మొదటిరోజు ఒకసారి, నలభయ్యో రోజు ఒకసారి. మొదటిరోజు నూట ఇరవై, నూట ముప్పై పడతాయి. నలభయ్యో రోజు యాభై, అరవై. సగానికి సగం. ఆ లెక్క నాదే అక్కా. సీసామీద అచ్చేసింది నా లెక్కే. ఏడేళ్ళలో ఒక్క వెంట్రుక తేడా రానివ్వలేదు నేను. నీకు తెలుసుగా, ఎంత గర్వంగా చెప్పేదాన్నో."

దువ్వెన ఆగలేదు.

"పోయిన నెల ఫోను దగ్గర కూర్చునే అమ్మాయి రాలేదు. ఆ పూటకి నన్ను కూర్చోమన్నారు. పరీక్షకి వచ్చే ఆడవాళ్ళకి ముందుగా ఫోన్‌చేసి చెప్పాల్సిన మాటలు ఓ కాగితం మీద రాసి బల్లకి అంటించి ఉన్నాయి. అది చదివి చెప్పడమే పని. మొదటిరోజుకి వచ్చేవాళ్ళకేమో, 'నాలుగు రోజులు తలకి నీళ్ళు తగలనివ్వకండి, దువ్వెన పెట్టకండి, అలాగే రండి' అని. నలభయ్యో రోజుకి వచ్చేవాళ్ళకి, 'ముందురోజు తలస్నానం చేసి, చిక్కు లేకుండా శుభ్రంగా దువ్వుకుని రండి' అని."

దువ్వెన ఆగింది.

పిచిక కళ్ళు మూసుకుంది. ఇంకేమీ వివరించనక్కర్లేదు. ఆడపిల్ల తల దువ్విన ఎవరికైనా తెలుస్తుంది అది. నాలుగు రోజులు దువ్వకుండా వదిలేసిన తలలో నాలుగు రోజుల వెంట్రుకలూ ఇరుక్కుని ఉంటాయి. దువ్వెన పెట్టగానే అన్నీ ఒక్కసారి ఊడొస్తాయి. నిన్న దువ్విన తలలో నిన్నటినుంచి రాలినవే ఉంటాయి. నూనె రాసినా, రాయకపోయినా.

"నా లెక్కలో తప్పు లేదక్కా. తప్పంతా లెక్కకి ముందే జరిగిపోయింది. ఏడేళ్ళు నేను వెంట్రుకలు లెక్కపెట్టాను గాని, 'తల ఎప్పుడు దువ్వుకున్నావమ్మా' అని ఒక్కరినీ అడగలేదు. నువ్వయితే కుర్చీలో కూర్చోబెట్టకముందే అడిగేదానివి."

పిచిక తల వెనక్కి వాల్చి తలుపుకి ఆనించింది.

"ఇంకోటి. పరీక్షకి ఎవరిని పిలవాలో కూడా ఆ కాగితం మీదే ఉంది. ఈమధ్య జ్వరమొచ్చి లేచినవాళ్ళు ఉంటే ముందు వాళ్ళని పిలవమని. ఎందుకో తెలుసా? జ్వరానికి ఊడిన జుట్టు కొన్నాళ్ళకి మామూలుగానే వచ్చేస్తుంది. ఆ వచ్చేది మన నూనె ఖాతాలో పడుతుంది. నీది వచ్చినట్టే. కానీ పక్కింటావిడది అలాంటిది కాదక్కా. అది చూశావుగా ఇందాక. అది రోజురోజుకీ..."

మాట తెగిపోయింది.

"నేను అన్నందుకు కోపం తీర్చుకో. ఎన్ని రోజులైనా తీర్చుకో. కానీ నాకేసి చూసి తీర్చుకో. బావ నోటితో పంపకు. నువ్వు నాతో మాట్లాడకపోతే ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియట్లేదు నాకు."

తలుపు పిడి కదిలింది. పిచిక చటుక్కున లేచి నిలబడింది.

వీధిలో వ్యాను హారను మోగింది.

అక్క తలుపు తెరిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయో, దువ్వుకుని దువ్వుకుని మొహమే అలా కందిందో తెలియలేదు. పిచిక పక్కనుంచి, గాలి తగిలేంత దగ్గరగా, ముందుగదిలోకి వెళ్ళింది.

"వాళ్ళొచ్చారు. తలుపు తియ్యండి," అంది బావతో.

*

వచ్చింది ఇద్దరు. కెమెరా ఆయన మాటా పలుకూ లేకుండా దీపాలు బిగించుకున్నాడు. ప్రచారం చూసే మేడమ్ ఆయన వంతు కూడా కలిపి మాట్లాడింది.

"అబ్బ, ఏం జుట్టండీ! ఇదంతా మనదే! పిచికగారూ, మీరు అటు గోడ దగ్గరకి. మీరు మా ఉద్యోగి అని ఎక్కడా రాకూడదు, రూలు. ఈమె ఎవరో మామూలు గృహిణి. అంతే. అమ్మా, ఈ కాగితంలో నాలుగే వాక్యాలు. చదవద్దు, మీ మాటల్లా చెప్పండి. సహజంగా రావాలి."

"నా మాటల్లా అంటే, ఈ మాటలేనా?" అడిగింది అక్క.

"అవే. కానీ మీవిలా."

బావ దగ్గుతో నవ్వు కప్పుకున్నాడు.

కుట్టుమిషనావిడ ఆఖరి నిమిషంలో మోకాళ్ళమీద పాకుతూ వచ్చి వేలాడే దారం కొరికేసి, మిగిలిన సూదులు పెదాల మధ్య పెట్టుకుని తలుపు పక్కకి ఒదిగి నిలబడింది. తన పెళ్ళిరోజు కన్నా ఎక్కువ సంబరంగా ఉంది ఆ మొహం.

అక్క స్టూలు మీద కూర్చుంది. దీపాలు వెలిగాయి. కెమెరా మీద ఎర్రచుక్క వెలిగింది.

"చెప్పండమ్మా. పోయినేడాది మీకేమైంది?"

"జ్వరం వచ్చింది," అంది అక్క. గొంతు సన్నగా వచ్చింది. సవరించుకుంది. "లేచాక తల దువ్వుకుంటే దువ్వెన కనపడేది కాదు. అంత ఊడేది. దిండు మార్చుకోవాలంటే భయం. అద్దానికి గుడ్డ కప్పేశాను."

"అద్భుతం. అప్పుడు ఈ సీసా..."

"సీసా వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. సాయంత్రం వచ్చింది." అక్క ఎవరికేసీ చూడలేదు. క్యాలెండరుకేసి చూసినట్టే కెమెరాకేసి చూసింది. "ఆ రోజు పొద్దున్నే గుడ్డ తీసి అద్దంలో చూసుకున్నాను. కణతల దగ్గర నూగులాగా, పసిపిల్లల తలమీద ఉంటాయే, అలాంటివి. వేలితో రాస్తే గుచ్చుకున్నాయి. అప్పటికే మొలిచేశాయి."

మేడమ్ కాగితంలోకి చూసింది. "అమ్మా, ఇది ఇందులో లేదు."

"మీరు నా మాటల్లో చెప్పమన్నారు."

"పోనీ చెప్పనివ్వు, తర్వాత కోసేద్దాం," అంది మేడమ్ కెమెరా ఆయనతో, గొంతు తగ్గించి.

గోడ దగ్గర పిచిక కదల్లేదు.

"మొలకలు వచ్చాయని నేనెవరికీ చెప్పలేదు," అంది అక్క కెమెరాతో. "సాయంత్రం మా చెల్లెలు సీసా పట్టుకుని వచ్చింది. చెప్పులైనా విప్పలేదు. నా వెనక కూర్చుని తలమీద చెయ్యి వేసింది. మా అమ్మ పోయాక నా తలమీద ఇంకో మనిషి చెయ్యి పడడం అదే. దానికి పదహారేళ్ళు వచ్చేదాకా రోజూ నేనే జడలు వేశాను. నాకు వెయ్యమని ఎవర్ని అడుగుతాను? అడిగే వయసు కాదు, అలవాటూ లేదు. మా ఆయన మంచివాడే. ఆయన చేతులకి ఉత్తరాలే అలవాటు."

పేపరు మడతపెట్టి పట్టుకున్న బావ, ఆ మడతనే చూస్తూ ఉండిపోయాడు.

"మొలకలు ముందే వచ్చేశాయని చెప్తే రాయడం మానేస్తుందనుకున్నాను. అందుకని నోరు మూసుకుని తల వంచాను. నలభై రోజులు. ఆఫీసునుంచి రావడం, పదిహేను నిమిషాలు రాయడం. నేను కళ్ళు మూసుకునేదాన్ని. నిద్ర వస్తోందా అనేది. అవుననేదాన్ని. నలభయ్యో రోజుకి జుట్టు వచ్చేసింది." అక్క ఒక పాయ భుజం మీదకి లాక్కుని వదిలేసింది. "చెయ్యి వెళ్ళిపోయింది."

"కాబట్టి నూనె మంచిదని అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ నేనూ నమ్మాను. చెల్లెలి చెయ్యి బాగుందని పదిమందిలో ఎలా చెప్పుకుంటాను? సిగ్గు కదా. ఆ చెయ్యి వేసిన మనిషే వచ్చి, అది నూనె వల్ల కాదంటే..." అక్క కొత్త డ్రస్సు అంచు పిడికిట్లో పట్టుకుంది. "నాకు ఎక్కడ తగిలిందో దానికి తెలీదు."

పిచికకి కళ్ళముందు దీపాలు చెదిరిపోయాయి. నలభై సాయంత్రాలు. తను వెనక కూర్చుని ఆ తలలో ఏం చూసింది? పాయ తీసి, ఇవాళ ఎన్ని మొలిచాయని చూసింది. వేళ్ళకింద కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి ఎలా ఉందో వంగి ఒక్కసారీ చూడలేదు.

"కట్!" అంది మేడమ్. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి. కానీ చేతులు అప్పుడే కాగితం మీద గీతలు గీస్తున్నాయి. "అమ్మా, మీరు గొప్పగా చెప్పారు. అక్కాచెల్లెళ్ళు! ఇది మాకు తట్టనే లేదు. ఆ మొలకల ముక్క ఒక్కటీ తీసేస్తే మిగతాదంతా బంగారం. ఇప్పుడు చెల్లెలి చేతులు కావాలి. చేతులు మాత్రమే. మొహం రాదు కాబట్టి రూలుకి ఇబ్బంది లేదు. పిచికగారూ, రండి. ఇదిగో సీసా. వెనక కూర్చుని, నెమ్మదిగా, ప్రేమగా."

ఆకుపచ్చ సీసా పిచిక చేతిలోకి వచ్చింది. ఎలా నడిచిందో తెలియదు. అక్క వెనక ఉన్న పీటమీద కూర్చుంది. అక్క తల జానెడు దూరంలో ఉంది. ఎండలో ఆరిన జుట్టు వాసన, నూనె లేని జుట్టు వాసన. మెడ దగ్గర కొత్త కుట్టు రెండు వరసలు. ఆ మెడ కొంచెం వంగింది. ఎదురుచూస్తున్నట్టు.

తప్పు అని తెలుసు. ఈ చెయ్యి ఆ తలమీద పడగానే ఎర్రచుక్క వెలుగుతుంది. బస్టాండులో అంతెత్తున నిలబడుతుంది. ఎందరి తలలమీదకో పాకుతుంది. అయినా చెయ్యి పైకి లేచింది. చేతికి అవేవీ తెలియవు. పదకొండు రోజుల ఆకలి మాత్రమే తెలుసు.

"వదినా."

కుట్టుమిషనావిడ పెదాల మధ్యనుంచి సూదులు ఒక్కొక్కటే తీసి చేతిపట్టీకి గుచ్చుకుంది. తొందరేమీ లేనట్టు. నోరు ఖాళీ అయ్యాక అడిగింది.

"సీసా రాకముందే మొలిచాయా?"

అక్క తల ఎత్తింది.

"ఆ సంగతి మీకు ముందే తెలుసా?"

"అమ్మాయ్, నేను..."

"మూణ్ణెల్లు వదినా. రోజూ రాత్రి అద్దం ముందు కూర్చుని, మీ జుట్టు తలుచుకుని రాసుకున్నాను. నూనెనా నేను నమ్మింది? మిమ్మల్ని."

స్కార్ఫు ముడి విప్పింది. తీసి, మడతపెట్టి, దీపం పక్కనున్న కుర్చీమీద పెట్టింది. ఆ తెల్లని దీపం వెలుగులో అరచెయ్యంత మచ్చ అందరికీ కనిపించింది. కెమెరా ఆయన చూపు దించేసుకున్నాడు. ఆవిడ కత్తెర తీసుకుంది, టేపు తీసుకుంది. తల కప్పుకోకుండా వీధిలోకి నడిచింది. గేటు కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"ఇప్పుడేమైంది?" అంది మేడమ్. "ఫరవాలేదు, తర్వాత సర్దిచెప్పుకోవచ్చు. దీపాలు వేడెక్కిపోతున్నాయి. పిచికగారూ, చెయ్యి. రెండే రెండు నిమిషాలు."

అక్క వెనక్కి తిరగలేదు. గుమ్మంకేసే చూస్తోంది. కానీ ఆ మాట గోడతో అనలేదు, బావతో అనలేదు, కెమెరాతో అనలేదు.

"పిచికా," అంది.

పిచిక ముందుకి వంగింది.

"వెళ్ళు. దాన్ని ఒంటరిగా పోనివ్వకు. వెళ్ళు!"

జానెడు దూరంలో ఆగిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పదకొండు రోజుల తర్వాత పేరుపెట్టి పిలిచింది. పిలిచి, వెళ్ళమంది.

లేచింది. పీట పక్కకి పడింది. చెప్పుల్లేకుండానే మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తింది. ఎండకి నేల కాలుతోంది. కుట్టుమిషనావిడ తన గుమ్మం దాటి ముందుకి, వీధి చివరికి నడుస్తోంది. అరుగులమీద కూర్చున్నవాళ్ళు మాటలాపి ఆ తలకేసి చూస్తున్నారు. ఆమె ఎవరికేసీ చూడట్లేదు.

"ఆగు! ఒక్క నిమిషం ఆగు! డాక్టరు దగ్గరకి నేనూ వస్తాను!"

ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది. పిచిక మొహంకేసి కాదు, పిచిక కుడిచేతికేసి చూసింది. పిచిక కూడా అప్పుడే చూసుకుంది. ఆకుపచ్చ సీసా ఇంకా అక్కడే ఉంది, వేళ్ళు తెల్లబడేంత గట్టి పట్టులో.

"ఏం పిచికా," అందామె, చాలా నెమ్మదిగా. "ఇంకో నలభై రోజులు రాసుకోమని చెప్పడానికొచ్చావా?"